మూగ గుడ్లు

మొదటి దెబ్బ లియోప్‌దే. ఆ తరువాత ఎవరెవరు కొట్టారో, ఎవరి చేతిలో పార కర్ర ఉందో, ఎవరి చేతిలో రోకలి ఉందో రాచిమ్ ఊరివాళ్ళు తలా ఒక రకంగా చెబుతారు. మొదట చెయ్యెత్తింది మాత్రం దావూ సొంత అక్కేనని అందరూ ఒప్పుకుంటారు.

దావూ లియోప్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక వాణ్ణి వీపున కట్టుకుని పెంచింది ఆమే. వాడు పెద్దవాడై, ఊరి పక్క పాత తగరపు గనుల గుంటల్లోంచి నీళ్ళు తోడుకుని ఆలుగడ్డలు పండిస్తున్నాడు. ఆమె చదువుకుని కొండ మీది పశువైద్య ల్యాబులో పక్షిరోగాల గదిలో ఉద్యోగానికి కుదిరింది. చచ్చిన కోడిని కోసి, అది ఏ వైరస్‌తో చచ్చిందో తేల్చి చెప్పడం ఆమె పని. మంత్రిగారి కోడైనా, మామూలు కోడైనా ఉన్నదున్నట్టు చెబుతుందని ఆమెకు పేరు. ఆ పేరే వాడి కొంప ముంచింది.

సంగతేమిటంటే, రాచిమ్‌లో ఊరంతా గౌరవంగా 'దా' అని పిలిచే ర్వాంగ్ అనే పెద్దమనిషికి కోళ్ళ ఫారం ఉంది. షెడ్లు కడిగిన నీళ్ళన్నీ దావూ తోడుకునే గుంటలోకే వదిలేవాడు. దావూ నోరు మొదట్నుంచీ మంచిది కాదు. రెండు బుర్రల బురుకుతు, ఆ జొన్నకల్లు, పడితే అసలే కాదు. ఒకనాడు సంతలో కల్లుపాక ముందు నిలబడి, "నీ కోళ్ళన్నీ కాళ్ళు చాపేస్తాయి చూడు ర్వాంగూ! చాపకపోతే నా పేరు దావూయే కాదు!" అని పదిమందిలో అరిచాడు. వారం తిరక్కుండా కోళ్ళు రాలడం మొదలైంది. టీకా వేయించిన కోళ్ళు. సాయంత్రం శుభ్రంగా మేత తిన్నవి తెల్లారేసరికి గుట్టలుగా పడి ఉన్నాయి. ఊరివాళ్ళు దావూ గుడిసె వెతికితే పురుగుమందు డబ్బా దొరికింది. ఆలుగడ్డలు పండించేవాడి ఇంట్లో పురుగుమందు కాక పన్నీరు దొరుకుతుందా? ఆ రోజు ఆ మాట ఎవరికీ తట్టలేదు.

పట్టుకుని కొట్టబోతే దావూ నవ్వాడట. "తొందరెందుకయ్యా? ఒక కోడిని మా అక్క దగ్గరికి పంపండి. విషమైతే విషమంటుంది, రోగమైతే రోగమంటుంది. మా అక్క నోట అబద్ధం రాదని మీకూ తెలుసుగా. రోగం కాదని అక్క అందా, నన్ను నరికి పాతెయ్యండి!" అన్నాడట. ఊరు సరేనంది. లియోప్ మాట మీద అందరికీ అంత గురి.

కోడి వచ్చింది, గోనెసంచిలో, బస్సు టాపు మీద, ఎండలో ఎండుతూ. సంచి విప్పేసరికి పొట్ట పచ్చగా ఉబ్బి ఉంది. లోపల ఏది రోగపు మచ్చో, ఏది కుళ్ళో తెలిసేలా లేదు. లియోప్ ముందు బర్డ్ ఫ్లూ పరీక్ష పట్టీ ముంచి చూసింది. రోగం ఉందని చెప్పే గీత రాలేదు. ఇక అనుమానించాల్సింది మందలకు మందలనే ఊడ్చేసే కొక్కెర తెగులు. వైరస్‌ను గంటల్లో పట్టిచ్చే పెద్ద యంత్రం గదిలో ఒక మూల ఉంది కానీ, దానికి వేసే రసాయనాలు ఎప్పుడో అయిపోయాయి. యంత్రం మీద దుప్పటి కప్పి ఉంది.

కాబట్టి గుడ్డే గతి. చచ్చిన కోడి ప్లీహాన్ని నూరి, వడకట్టి, ఆ రసాన్ని పిండం పెరుగుతున్న గుడ్డులోకి సూదితో ఎక్కిస్తారు. వైరస్ ఉంటే లోపల పెరిగి పిండాన్ని చంపుతుంది. ఆ గుడ్డులోంచి తీసిన నీటిచుక్కకి కోడి నెత్తుటిచుక్క కలిపితే నెత్తురు విరిగిన పాలలా గడ్డలు కడుతుంది. వైరస్ లేకపోతే పిండం హాయిగా పెరుగుతుంది, నెత్తురు గడ్డకట్టదు.

ఇందుకు వాడే గుడ్లు టీకా ఎరగని కోళ్ళు పెట్టినవి కావాలి. అలాంటి మంద ఒకటి ల్యాబుకు ఉండేది. మేతకు డబ్బు రావడం లేదని క్రిస్మస్ ముందు దాన్ని ఉద్యోగులకే అమ్మేశారు. దేశం మొత్తంలో అంత శుభ్రమైన కోళ్ళు ఇంకెక్కడా ఉండవు. ఉల్లిపాయలూ మిరపకాయలూ దట్టించి అందరూ సుబ్బరంగా తిన్నారు. లియోప్ కూడా ఒకదాన్ని తీసుకుంది. అప్పట్నుంచీ ఓబియోరా అనే వ్యాపారి గుడ్లు తెచ్చిపెడుతున్నాడు. "టీకా వేయని కోళ్ళవేగా?" అని అడిగితే, "అయ్యో మేడమ్, మీకు తెలియకుండా ఉంటుందా!" అనేవాడు. అది జవాబు కాదని ఎవరూ పట్టించుకోలేదు.

గుడ్లలో ఏదైనా తేడా ఉంటే బయటపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. కొన్ని గుడ్లు విడిగా తీసి, వాటికి తెలిసిన వైరస్‌నే ఎక్కించాలి. అవి చస్తే గుడ్లు మంచివి. ఆ సారి గుడ్లు తక్కువ వచ్చాయని లియోప్ ఆ పని మానేసింది.

పిండాలు చావలేదు. దీపం ముందు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు, మధ్యలో కదులుతూ నల్లటి చుక్క. నీటిచుక్క కలిపితే నెత్తురు పల్చగానే ఉంది. ఆ నీటినే మరికొన్ని గుడ్లకి ఎక్కించి చూసింది. అవీ నోరు విప్పలేదు.

అప్పుడు లియోప్ ఏమనుకుందో దాచకుండా చెప్పాలి. కనపడలేదంటే లేదని అర్థం కాదని శిక్షణకు వచ్చేవాళ్ళకి పాఠం చెప్పేది ఆమే. కానీ ఆ గదిలో ఆమె తలలో తిరుగుతున్నది తమ్ముడి నోరు. చిన్నప్పుడు పొరుగింటి మేక కాలు విరగ్గొట్టి, నేను కాదంటే కాదని ఏడుస్తూ బుకాయించినవాడు. వీడే చేశాడు అనుకుంది. అలా అనుకున్నాక గుడ్ల మీద అనుమానం ఎందుకొస్తుంది?

ఆమె వెళ్ళేసరికి ఫారం ముందు ఊరంతా చేరి ఉంది. ఎడారి మీంచి వీచే హర్మతాన్ గాలికి ఎగిరే దుమ్ములో దావూ అందరికన్నా ముందు, పెళ్ళికొచ్చినవాడిలా ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

"చెప్పక్కా. గట్టిగా చెప్పు. వెనకవాళ్ళకి చెవుడు."

"రోగమేదీ కనపడలేదు," అంది లియోప్.

దావూ మొహం మీది నవ్వు ఇంకా పోలేదు. "సరిగ్గా చూశావా అక్కా?" అన్నాడు.

ఆ మాటతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో పరువు తీసి, పైగా తన పనికే వంక పెడతాడా! లాగి చెంప పగలగొట్టింది. "ఇంకా బుకాయిస్తావేంట్రా? అమ్మ బతికుంటే నీ మొహాన ఉమ్మేసేది!"

సొంత అక్కే కొట్టాక ఊరికి అడ్డేముంది? ఒకడు వెనక నుంచి నడుం మీద తన్నాడు. దావూ బోర్లా పడ్డాడు. లేవబోతే పార కర్రతో వీపు మీద వేశారు. ఫారంలో పనిచేసే ఆడవాళ్ళు చెప్పులు తీసి మొహం మీద కొట్టారు. వాడు తల కాచుకోవడానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. దాని మీద రోకలి పడింది. చెరకుగడ విరిచినట్టు చప్పుడైంది. అప్పటిదాకా "నేను కాదు, నేను కాదు" అంటున్నవాడు కాస్తా ఒక్క కేక పెట్టి మూగబోయాడు. "చాలు! చచ్చిపోతాడు, చాలు!" అని లియోప్ అరిచింది. ఎవరో మోచేత్తో పొడిచి ఆమెను పక్కకి తోసేశారు.

చివరికి ఆపింది ర్వాంగే. "చంపకండిరా. ఊరిపెద్ద గ్వోమ్ ఊళ్ళో లేడు. సంత రోజుకి వస్తాడు. ఆయన ఏమంటే అది చేద్దాం," అన్నాడు. దావూను ఈడ్చుకెళ్ళి మేత గదిలో పడేసి తాళం వేశారు. లియోప్ ఆ తలుపు దాకా వెళ్ళి ఒక్క మాట పలకరించి ఉండొచ్చు. వెళ్ళలేదు. జీపెక్కి వెళ్ళిపోయింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది, వాణ్ణే.

కొద్ది రోజులకి వేరే ఊరి నుంచి కోళ్ళు వచ్చాయి. ఇవి ఇంకా ప్రాణంతోనే ఉన్నాయి. మెడలు మెలితిరిగి, తలలు వీపు మీదికి వాలి, ఆకుపచ్చగా పారుకుంటూ గిరగిర తిరుగుతున్నాయి. కొక్కెర తెగులని పసిపిల్లలు కూడా చెబుతారు. లియోప్ వాటిని కోసి గుడ్లకి ఎక్కించింది. పొద్దున్నే దీపం ముందు పెట్టింది. ఎర్రటి నరాలు. కదులుతున్న నల్లటి చుక్క.

ఆమె వెంటనే ఫ్రీజరులోంచి తెలిసిన వైరస్ తీసి, ఉన్న గుడ్లన్నిటికీ ఎక్కించింది. అది కోడిపిండాన్ని వదిలిపెట్టిన దాఖలా లేదు. అయినా పిండాలు తొణక్కుండా కదులుతూనే ఉన్నాయి.

లియోప్ సరాసరి ఓబియోరా గుడ్ల కొట్టుకి వెళ్ళింది.

"ఈ గుడ్లు పెట్టే కోళ్ళకి టీకా వేశారా?"

"వెయ్యకుండా ఎలా ఉంటాం మేడమ్? ఒకసారి కాదు, మూడుసార్లు వేయించా! కొక్కెర తెగులు మా గుమ్మం కూడా తొక్కదు. మీకని ఏరి ఏరి మంచి గుడ్లు పంపిస్తున్నా."

ఓబియోరా గర్వంగా చెప్పాడు పాపం. లియోప్ వాడి కాలరు పట్టుకుని గోడకేసి కొట్టింది. పక్కనున్న గుడ్ల అట్టలు ఒక్క తోపుతో కింద పడ్డాయి. "తల్లికి వేసిన టీకా బలం గుడ్డులోకి దిగుతుందిరా! వైరస్‌ని లోపలే పీక నొక్కేస్తుంది! వద్దని చెప్పానా లేదా?"

"మంచి గుడ్లడిగారు, మంచి గుడ్లిచ్చాను! నా మీద పడతారేంటి? మీరు చూసుకోవద్దూ?" అన్నాడు ఓబియోరా, గొంతు విడిపించుకుంటూ, పచ్చసొనలో జారుతూ.

చూసుకోవద్దూ అన్న మాట ఆమెకి సూదిలా దిగింది. వాణ్ణి వదిలేసింది.

పక్క పట్నంలో విశ్వవిద్యాలయం వాళ్ళు టీకా వేయని కోళ్ళు కొన్ని పెంచుతున్నారు. లియోప్ కాళ్ళావేళ్ళా పడి పిండం కట్టిన గుడ్లు ఒక అట్ట తెచ్చుకుంది. ర్వాంగ్ కోడి ప్లీహం ముక్క ఫ్రీజరులోనే ఉంది. ఈసారి అన్నీ పద్ధతిగా, తెలిసిన వైరస్ గుడ్లు విడిగా పెట్టి మరీ ఎక్కించింది. ఇక చెయ్యగలిగింది ఎదురుచూడటమే. గుడ్డును తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఈలోపు రాచిమ్‌లో మిగతా ఇళ్ళ కోళ్ళు కూడా చావడం మొదలైందని తెలిసింది. దావూ తాళం వెనక ఉండగానే చస్తున్నాయి కదా, ఇప్పుడైనా వీళ్ళకి కళ్ళు తెరుచుకుంటాయి అనుకుంది లియోప్. తెరుచుకోలేదు. విషం ముందే ఊరంతా చల్లిపెట్టాడని కొత్త కథ పుట్టింది. ఆమె ర్వాంగ్‌కి ఫోన్ చేసింది.

"దా ర్వాంగ్, నా పరీక్ష తప్పు. గుడ్లు పనికిరానివి. అది రోగమే అయ్యుండొచ్చు. కాస్త ఆగండి."

"ఏమ్మా, తమ్ముడి చెయ్యి విరిగాక గుడ్లకి నోరొచ్చిందా?" అని ర్వాంగ్ ఫోన్ పెట్టేశాడు.

సంత రోజు పొద్దున దీపం ముందు పెట్టిన మొదటి గుడ్డు చీకటిగా ఉంది. నరాల్లేవు, కదలిక లేదు. రెండోదీ అంతే. ఆ తరువాతదీ అంతే. చచ్చిన పిండాలను చూసి అంత సంతోషపడిన మనిషి ఆ గదిలో ముందెప్పుడూ లేదు. గుడ్లను చల్లార్చి నీరు తీసింది. చుక్క కలిపితే నెత్తురు విరిగిపోయింది. బర్డ్ ఫ్లూ వైరస్‌ను ఒక్కదాన్నే కట్టిపడేసే మందురసం కలిపి చూసింది, అయినా విరిగింది. కొక్కెర తెగులును కట్టిపడేసే మందురసం కలిపితే మాత్రం విరగలేదు. ఇక అనుమానం లేదు. వైరస్ ఉన్న సీసా ల్యాబు గడప దాటకూడదని నిబంధన రాసినవాళ్ళలో ఆమె కూడా ఒకతె. ఆ సీసాలనే ఐసుపెట్టెలో పెట్టుకుని, తెల్లటి పింగాణీ పలక చంకన పెట్టుకుని జీపెక్కింది.

గ్వోమ్ ఆ రోజూ రాలేదు. ఊరికి ఓపిక అయిపోయింది. లియోప్ వెళ్ళేసరికి దావూను ఫారం ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మెడలో లారీ టైరు వేశారు. విరిగిన చెయ్యి ఉబ్బి నల్లగా వేలాడుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. టైరు మీద, తల మీద కిరసనాయిలు పోశారు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది వాణ్ణి చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్ళే.

"ఆపండి! అది రోగమే! నేను చెప్పింది తప్పు!" అని అరుస్తూ జనంలోకి దూరింది.

"తమ్ముడి కోసం మాట మారుస్తోందిరోయ్!"

"లంచాలు తినేవాళ్ళని చూశాం గానీ, అన్న మాటే తినేసే డాక్టరమ్మని ఇప్పుడే చూస్తున్నాం!"

ఎక్కడి నుంచో రాయి వచ్చి నుదుటికి తగిలింది. నెత్తురు కంట్లోకి కారింది. ఆమె తుడుచుకోలేదు. దావూకి అడ్డంగా నిలబడి, పలకను నేల మీద పెట్టి, ర్వాంగ్ వైపు తిరిగింది.

"నన్ను నమ్మొద్దు. నేను ముట్టుకోను. దా ర్వాంగ్, చుక్కలు మీ చేత్తోనే వెయ్యండి. నెత్తురు కూడా మీ కోడిదే తీద్దాం. మీ కోళ్ళెలా చచ్చాయో మీకు తెలుసుకోవాలని లేదా?"

ఆ ఫారం ర్వాంగ్ జీవితం. కసి తీరడం వేరు, తెలియడం వేరు. "పుంజును పట్టుకురండ్రా," అన్నాడు.

రెక్క కింద నరంలోంచి నెత్తురు తీసి, ఉప్పునీళ్ళలో కలిపి, పలక మీద వరసగా చుక్కలు పెట్టారు. ర్వాంగ్ మొదటి చుక్కకి ఏమీ ఎక్కించని గుడ్డు నీరు కలిపాడు. నెత్తురు నెత్తురులాగే ఉంది. రెండో చుక్కకి తన కోడి రసం ఎక్కించిన గుడ్డు నీరు కలిపి పలకను అటూ ఇటూ ఊపాడు. చూస్తుండగానే నెత్తురు విరిగి ఎర్రటి రవ్వలైపోయింది. ముందు వరసవాళ్ళు వంగి చూశారు.

"విషం వేస్తే మాత్రం విరగదా?" అన్నాడు ఒకడు.

"వాడి డబ్బా మీ దగ్గరే ఉందిగా. తెచ్చి వెయ్యండి," అంది లియోప్.

తెచ్చి వేశారు. నెత్తురు గడ్డకట్టలేదు. కరిగి, మందారపు నీళ్ళలా పల్చగా అయిపోయింది. చివరికి ఆమె చిన్న సీసా చూపించింది. "ఇది కొక్కెర తెగులు తగిలి బతికిన కోడి నెత్తుట్లోంచి తీసిన రసం. ఇది ఆ తెగులు చేతులు మాత్రమే కట్టేస్తుంది, ఇంకో తెగులు జోలికి పోదు. దీన్ని ముందు మీ కోడి నీళ్ళలో కలిపి, ఆగి, అప్పుడు నెత్తురు వెయ్యండి." ర్వాంగ్ అలాగే చేశాడు. పలక ఊపాడు. మళ్ళీ ఊపాడు. ఈసారి నెత్తురు విరగలేదు.

ర్వాంగ్ పలకను కింద పెట్టాడు. "టీకా వేయించానే," అన్నాడు నీరసంగా.

"ఎండలో పెట్టి అమ్మిన టీకా నీళ్ళతో సమానం," అంది ఆమె.

వెనక ఒకడు ఇదేమీ చూడకుండా అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసిన చప్పుడు విని ర్వాంగ్ గిరుక్కున తిరిగి, చేతికర్రతో వాడి మణికట్టు మీద బలం కొద్దీ కొట్టాడు. పుల్ల దుమ్ములో పడి ఆరిపోయింది. "ఇంకెవరికైనా ఉందా సరదా?" అని అరిచాడు. ఎవరికీ లేకపోయింది. జనం ఒక్కొక్కరే తలలు దించుకుని మాడిన మొహాలతో జారుకున్నారు. టైరును ర్వాంగే తీశాడు.

లియోప్ తమ్ముడి చంక కింద చెయ్యి వేసి లేపింది. "పదరా, జీపులో ఆసుపత్రికి పోదాం."

దావూ కదల్లేదు. తెరుచుకుని ఉన్న ఆ ఒక్క కంటితో ఆమెను చూశాడు.

"ఎందుకిలా అయిందక్కా?"

"గుడ్లు చెడ్డవిరా. టీకా వేసిన కోళ్ళవి. నేను సరిచూసుకోలేదు."

"గుడ్ల సంగతి కాదు. నువ్వు. ఆ రోజు నువ్వేమనుకున్నావు?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఆమె జీవితంలో ఇంకోటి రాదు. ఎవరూ కాదనరు కూడా. నోరు తెరిచింది గానీ అబద్ధం రాలేదు.

"నువ్వే చేశావనుకున్నాను," అంది.

దావూ తల ఊపాడు, ఎప్పుడో తెలిసిన మాటను ఇంకోసారి విన్నట్టు. తరువాత ఆమె చెయ్యి తీసేసి ర్వాంగ్ వైపు తిరిగాడు.

"దా ర్వాంగ్, మీ బండిలో నన్ను ఆసుపత్రి దగ్గర దింపుతారా?"

ర్వాంగ్ బిత్తరపోయాడు. "నా బండిలోనా? నిన్నింత చేసింది నేను కదరా!"

"మీకు నేనేమవుతాను? కోళ్ళు పోయాయి, కొట్టారు. మీ మీద నాకు కోపం లేదు," అన్నాడు దావూ.

పాత పికప్పు బండి వెనక గుడ్ల అట్టల మధ్య చోటు చేశారు. దావూ ఒంటిచేత్తో పట్టుకుని తనే ఎక్కి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. బండి కదిలింది. దాని వెనకే లియోప్ జీపు తీసింది. హర్మతాన్ దుమ్ములో ఆసుపత్రి దాకా తమ్ముడు ఆమె ఎదురుగానే ఉన్నాడు, పిలిస్తే వినపడేంత దూరంలో. వాడు దారి పక్క పొలాలను చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా జీపు వంక చూడలేదు.